ముందే ఇచ్చేసిన ఉద్యోగానికి ఇంటర్వ్యూ పెట్టాం, ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది చిన్న సొసైటీ, ఏజెన్సీ ఊళ్ళల్లో బడి మానేసిన పిల్లల్ని మళ్ళీ బళ్ళో చేర్పిస్తుంటాం, నేను సెక్రటరీని. మొన్న ఒక మండల్ కోఆర్డినేటర్ పోస్టు వచ్చింది. నిజానికి ఏడాదిగా మా దగ్గర వాలంటీర్‌గా చేస్తున్న అమ్మాయికే ఇద్దామని కమిటీలో ముందే అనేసుకున్నాం, కానీ ఫండింగ్ ఇచ్చేవాళ్ళు ప్రకటన ఇచ్చి ఇంటర్వ్యూలు చేసిన ఫైల్ అడుగుతారు కాబట్టి ప్రకటన కూడా ఇచ్చాం, ఆ అమ్మాయితో కలిపి 11 మంది వచ్చారు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక మార్కుల షీటు మొత్తం, ఇంటర్వ్యూ చేసిన నలుగురు సభ్యుల కాలమ్స్‌తో సహా, నేనే కూర్చుని నింపాను. భద్రాచలం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయికి ఈ సంగతి ఎలాగో తెలిసింది, ఉత్తరం రాసింది. పొద్దున 9కి రమ్మని 4కి లోపలికి పిలిచారు, పెళ్ళయితే మానేస్తావా అని ఒకాయన అడిగారు, ఉద్యోగం రాలేదని కాదు నా బాధ, ముందే అయిపోయిన దానికి నన్నెందుకు పిలిచారు అని. రెండ్రోజులుగా నాకు నిద్ర లేదు. కమిటీవాళ్ళేమో జవాబు రాస్తే ఇరుక్కుంటాం, ఊరుకో అంటున్నారు.
– పేరు వద్దు, ఖమ్మం జిల్లా

జవాబు: ఊరుకోవద్దండీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మీరు అడిగింది ఏం చెయ్యాలి అని కాదు, చెయ్యాల్సింది మీకు తెలుసు, కమిటీకి ఎదురెళ్ళి చెయ్యొచ్చా అని అడుగుతున్నారు. చెయ్యొచ్చు, చెయ్యాలి.

ముందు తప్పెక్కడుందో సరిగ్గా పట్టుకోండి. ఏడాదిగా పనిచేస్తున్న అమ్మాయికి పోస్టు ఇవ్వాలనుకోవటం తప్పు కాదు, ఊళ్ళు తెలుసు, పిల్లలు తెలుసు, ఆ మాటే ఫండింగ్ వాళ్ళకి రాసి లోపలి మనిషినే తీసుకుంటాం అని అడిగుంటే ఒప్పుకునేవాళ్ళేమో, మీరు అడగనేలేదు. మనం బీరువా కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పిస్తాం కదా, కొనే షాపు ముందే ఖాయమై మిగతా రెండూ ఫైల్ కోసం తెప్పించిన సందర్భాలు ఈ పనిలో ఉన్న అందరికీ తెలుసు. మీరు మనుషుల్ని అలా కొటేషన్లలాగా పిలిచారు. పది మంది చొక్కా ఇస్త్రీ చేసుకుని, సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించుకుని, ఇంట్లోవాళ్ళకి చెప్పి వచ్చారు, వాళ్ళ ఆశని మీరు ఫైల్లో కాగితం చేశారు. దీనికే మీరు జవాబు చెప్పుకోవాల్సింది.

ఆ మార్కుల షీటు చింపకండి, దిద్దకండి, కొత్తది తయారుచెయ్యకండి. 11 పేర్లు, ఒకే పెన్ను, ఒకే చేతిరాత, నలుగురు సభ్యుల కాలమ్స్‌లో ఒక్కరే వేసిన అంకెలు, అది చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది. దాని వెనక ఇవాళ్టి తేదీ వేసి "ఈ మార్కులు ఇంటర్వ్యూ సమయంలో వేసినవి కావు, తర్వాత నేను ఒక్కడినే నింపాను" అని రాసి సంతకం పెట్టండి. చెయ్యి వణుకుతుంది, తెలుసు. కానీ ఆ ఒక్క వాక్యం రాసిన తర్వాత మిగతాదంతా సులువవుతుంది, ఎందుకంటే ఇంక దాచటానికి ఏమీ ఉండదు.

తర్వాత ఉత్తరాలు. ఆ అమ్మాయి ఒక్కదానికే రాస్తే నోరెత్తిన వాళ్ళకే జవాబు అన్నట్టు అవుతుంది, పది మందికీ రాయండి. "అసౌకర్యానికి చింతిస్తున్నాం" లాంటి మాటలు అస్సలు వద్దు, కరెంటు పోయినప్పుడు బోర్డు పెట్టినట్టు ఉంటుంది. ఇలా రాయండి: "ఈ పోస్టు ఎవరికివ్వాలో మేం ముందే అనుకున్నాం. అయినా మిమ్మల్ని పిలిచాం. మీకు వేసిన మార్కులు నిజమైనవి కావు, కాబట్టి మీ అర్హత గురించి అవి ఏమీ చెప్పవు. తప్పు మాది." ఈ మార్కుల ముక్క ముఖ్యమండీ, ఇంటర్వ్యూలో పోయిన పిల్లలు నాలో ఏం తక్కువైందో అని నెలలు నెలలు తలుచుకుంటూ ఉంటారు, కనీసం ఆ బరువు దించండి. సంగతి నీకెవరు చెప్పారు అని మాత్రం ఆ అమ్మాయిని అడగొద్దు. ఉత్తరం వెనక్కి తీసుకోమనీ అడగొద్దు.

చార్జీలు, ఆ రోజు కూలి లెక్కన ఎంతో కొంత ఇవ్వండి, ఫోన్‌పే నంబర్ అడిగి వేసెయ్యండి, ప్రాజెక్టు డబ్బుల్లోంచి కాదు, కమిటీ సభ్యులు తలా కొంత వేసుకుని. ఆడపిల్లలకి బస్సు ఫ్రీయే కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్ళకి టికెట్ లేని మాట నిజమే, మరి స్టాండు దాకా ఆటో, మధ్యాహ్నం భోజనం, పోయిన పనిరోజు? వచ్చిన మగపిల్లల టికెట్టు?

పెళ్ళి ప్రశ్న సంగతి వేరు, అది నలుగురి తప్పు కాదు, అడిగినాయన తప్పు, కాబట్టి ఆయనే స్వయంగా క్షమాపణ రాయాలి, కమిటీ తరఫున వద్దు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడామగా తేడా చూపించకూడదని 1976 సమాన వేతన చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. మగపిల్లల్ని ఎవర్నైనా పెళ్ళయితే మానేస్తావా అని అడిగారా ఆయన?

ఫండింగ్ వాళ్ళకి మీరే ముందు చెప్పండి. ఆ ఫైల్ వాళ్ళ కోసమే తయారుచేశారు, అబద్ధం వెళ్ళింది వాళ్ళకే. ఒక విడత ఆగొచ్చు, చీవాట్లు పడొచ్చు, అలా జరగదని నేను హామీ ఇవ్వలేను, అయినా చెప్పాలి.

ఇక ఆ వాలంటీర్ అమ్మాయి. అందరూ మర్చిపోయేది ఈమెనే. ఆర్డర్ ఇంకా ఇవ్వకపోతే ఈ ఇంటర్వ్యూ రద్దు చేసి, బయటివాళ్ళు ఇద్దర్ని కూర్చోబెట్టి మళ్ళీ పెట్టండి, పది మందినీ పిలవండి, ఆమె నెగ్గితే తలెత్తుకుని చేరుతుంది. చేరిపోయుంటే మాత్రం తీసెయ్యొద్దు, మీ తప్పుకి ఆమె జీతం పోగొట్టటం ఇంకో తప్పు, లోపలి మనిషికి ఇచ్చాం అని ఉన్నదున్నట్టు రికార్డు చెయ్యండి.

మళ్ళీ పెట్టేటప్పుడు అందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో, ఒక్కొక్కరు బయటికెళ్ళగానే ఎవరి మార్కులు వాళ్ళు విడిగా వేసెయ్యాలి. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూ కంటే ఇలాంటిదే మనిషి రేపు ఎలా పనిచేస్తాడో బాగా చెప్తుందని ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 1998లోనే రాశారు. దరఖాస్తులు ఏరేటప్పుడు పేర్ల మీద కాగితం అంటించండి. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ ఆటెవెల్ అనే పరిశోధకులు మన దేశంలో ప్రైవేటు ఉద్యోగాలకి ఒకే అర్హతలతో వేరే వేరే పేర్ల మీద దరఖాస్తులు పంపి చూశారు, పైకులం పేరుతో పోలిస్తే దళిత పేరుకి పిలుపొచ్చే అవకాశం మూడింట రెండొంతులే, ముస్లిం పేరుకి మూడింట ఒక వంతే, 2007లో అచ్చయింది. మీ ఏజెన్సీలో ఇంటిపేరు చూడగానే కోయనో లంబాడనో ఇంకెవరనో తెలిసిపోతుంది కదా, అందుకని మీకు ఇంకా అవసరం.

ప్రశ్న: ఒక సంస్థ ఇంటర్వ్యూలో భాగం అని చెప్పి మూడ్రోజులు ఊళ్ళో సర్వే చేయించింది. 40 ఇళ్ళు తిరిగాను. తర్వాత ఫోనెత్తట్లేదు. డబ్బులడిగితే ఆశపోతు అనుకుంటారా అక్కా?
– ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: అడుగమ్మా. పరీక్ష అంటే గంటసేపు, మహా అయితే ఒక పూట, మూడ్రోజులు 40 ఇళ్ళంటే అది పని. ఏ తేదీల్లో ఏ ఊరు తిరిగావో, ఎన్ని ఫారాలు నింపి ఎవరి చేతికిచ్చావో ఒక కాగితం మీద రాసి వాట్సాప్‌లోనూ పోస్టులోనూ రెండింట్లో పంపు. నీ ఫారాలు వాళ్ళు రిపోర్టులో వాడుకున్నారా అని కూడా అడుగు. ఇప్పటిదాకా నింపిన వాటికి ఫోటోలు నీ ఫోన్లో ఉంటే డిలీట్ చెయ్యకు, కానీ అందులో ఊరివాళ్ళ వివరాలున్నాయి కాబట్టి ఎవరికీ పంపొద్దు. పది రోజుల్లో జవాబు రాకపోతే మళ్ళీ నాకు రాయి.