హాకీ ఆడితే డాక్టర్ కాలేడా?

ప్రశ్న: మేం కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి 16 ఏళ్లు. ఐస్ హాకీలో డిఫెన్స్‌మన్. ఐదేళ్ల వయసు నుంచి తెల్లవారుజామునే రింక్‌కు మేమే తీసుకెళ్లాం. ఇప్పుడు కుర్రాళ్ల జూనియర్ లీగైన వెస్టర్న్ హాకీ లీగ్‌లోని జట్టొకటి క్యాంపుకు పిలిచింది. మాకేమో మెడిసిన్ చదివించాలని ఉంది. విజయవాడలో మా అన్నయ్య కొడుకు ఎంబీబీఎస్‌లో చేరాడు కూడా. రెండు దారులనూ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చమన్నారు గానీ, మీ అసలు భయం ఆట ఆగిపోయాక వీడి గతేంటని. దానికి జవాబు మీ ఊళ్లోనే ఉంది. రాండీ గ్రెగ్ అనే డిఫెన్స్‌మన్ అక్కడే పుట్టి, అల్బర్టా యూనివర్సిటీలో మెడిసిన్ చదువుతూ ఆ యూనివర్సిటీ హాకీ జట్టుకే ఆడారు. అక్కడి అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్లు కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఆయన్ను ఎవరూ తీసుకోలేదు. 1980 ఒలింపిక్స్‌లో కెనడా కెప్టెన్‌గా ఆడి, తర్వాత జపాన్‌లో ఆడి, 1982లో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్‌లో చేరారు. ఆ జట్టు స్టార్ వేన్ గ్రెట్స్కీ గోల్స్ కొడుతుంటే వెనక కాపలా కాసిన వాళ్లలో ఈయనొకరు. 1984 నుంచి 1990 దాకా ఆయిలర్స్ గెలిచిన ఐదు స్టాన్లీ కప్పుల్లోనూ (ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే ట్రోఫీ) ఉన్నారు. 1992లో ఆట మానేసి ఎడ్మంటన్‌లోనే స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌గా స్థిరపడ్డారు.

అందరూ గ్రెగ్‌లు కాలేరు, నిజమే. కానీ అక్కడ మెడిసిన్ మన దగ్గరలా ఇంటర్ అవగానే మొదలవదు. ముందు యూనివర్సిటీలో కొన్నేళ్లు చదవాలి. కాబట్టి మీ అన్నయ్య కొడుకుతో పోటీ పెట్టి టెన్షన్ పడటం దండగ.

నా అనుమానమల్లా ఈ జూనియర్ లీగ్ మీదే. సీజన్‌కు 68 మ్యాచ్‌లు, మనిటోబా నుంచి ఒరెగాన్ దాకా బస్సు ప్రయాణాలు, మకాం ఎవరో తెలియని కుటుంబం ఇంట్లో. రాత్రి మ్యాచ్ ముగించి బస్సెక్కి, నిద్రకళ్లతో పొద్దున్నే కెమిస్ట్రీ పుస్తకం తెరిచే పిల్లాడికి ఎంత ఎక్కుతుంది? ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు. మ్యాచ్‌లో జట్టుకు మామూలుగా ఆరుగురు డిఫెన్స్‌మెన్. అంటే ప్రపంచం మొత్తానికి రెండొందల లోపు చోట్లు! ప్రత్యేక స్కేటింగ్ కోచింగ్, ప్రైవేట్ అకాడమీ అంటూ వేల డాలర్లు కట్టించుకునేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

అలాగని ఆ దారి గుడ్డిది కాదు. ఆ లీగ్‌లో ఆడిన ఒక్కో సీజన్‌కు ఒక్కో ఏడాది చదువు ఖర్చు స్కాలర్‌షిప్‌గా వస్తుంది. ఒకప్పుడు అక్కడ ఆడినవాళ్లకు అమెరికా కాలేజీ హాకీ తలుపు మూసుకుపోయేది. 2025 నుంచి అదీ తెరిచారు.

ఒక మాట కటువుగానే అంటాను. ఆ చలిలో వాడికి స్కేట్లు కట్టింది మీరే. తీరా బాగా ఆడుతున్నాడని తెలిశాక కంగారు పడితే ఎలాగండీ? ఆట మీద అంత ప్రేమ నేర్పి ఇప్పుడు మానమంటే వాడు మీ మాట వినడు సరే, పుస్తకం కూడా పట్టడు.

క్యాంపుకు పంపండి. వెళ్లినంత మాత్రాన సంతకం పెట్టేసినట్టు కాదు. సంతకం దాకా వస్తే మాత్రం స్కాలర్‌షిప్‌ను ఎప్పటిలోగా వాడుకోవాలో, ప్రొఫెషనల్ కాంట్రాక్టు తీసుకుంటే అది ఏమవుతుందో రాతపూర్వకంగా అడగండి. పన్నెండో తరగతిలో బయాలజీ, కెమిస్ట్రీ వదలనని వాడి దగ్గర మాట తీసుకోండి.