బెజవాడ వాతావరణ సదస్సుకు వెళ్తున్న అమ్మలుకి

గుంటూరు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

బెజవాడ సదస్సులో మాట్లాడటానికి నీకు పది నిమిషాలు ఇచ్చారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. నువ్వు పంపిన కాగితమూ చదివాను. "ఆంధ్రప్రదేశ్‌లో వాతావరణ మార్పులు" అని పేరు పెట్టావు. ముందు అది తీసెయ్. ఆ విషయం మీద మాట్లాడగలిగినవాళ్ళు, జీవితమంతా అదే పనిలో ఉన్నవాళ్ళు ఆ హాల్లో వరసగా కూర్చుని ఉంటారు. వాళ్ళెవరి దగ్గరా లేనిది నీ దగ్గర ఒకటుంది. బ్రాడీపేటలో మీ డాబా మీద వాన కొలిచే రెయిన్ గేజ్, దాని పక్కన నువ్వు రోజూ రాసుకునే పుస్తకం. దాని గురించి చెప్పు, చాలు.

నీ పుస్తకంలో ఉన్నది ఐదారేళ్ళ లెక్క. ప్రపంచ వాతావరణ సంస్థ సగటు తీయాలంటే ముప్పై ఏళ్ళు కావాలంటుంది. ఇప్పుడు నడుస్తున్నది 1991-2020. నైరుతి వానల సగటుకి మన వాతావరణ శాఖ 1971 నుంచి 2020 దాకా లెక్క తీసుకుంటుంది. కాబట్టి ఐదేళ్ళ అంకెలు పట్టుకుని "వానలు మారిపోయాయి" అన్నావంటే మొదటి ప్రశ్నకే నోరు మూతబడుతుంది. "ఒకే వాన మా వీధిలో ఇంత పడింది, ఊరి పక్కన లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఇంత పడింది" అని చూపించు. ఐదేళ్ళ లెక్కతో ధైర్యంగా చెప్పగలిగిన మాట అదే, వినేవాళ్ళకి కొత్తగా ఉండేదీ అదే.

గేజ్ ఎక్కడుందో మొదటి స్లయిడ్‌లోనే చెప్పెయ్. డాబా మీద గాలి ఎక్కువ, గాలికి చినుకు గేజ్‌లో పడకుండా పక్కకి పోతుంది. పిట్టగోడ అడ్డం ఉంటే అదో తేడా. శాఖ వాళ్ళు గేజ్‌ని నేలకి దగ్గరగా, చెట్టుకీ గోడకీ దూరంగా పెట్టేది అందుకే. వాళ్ళు అడిగేదాకా ఆగకుండా నువ్వే ముందు చెబితే సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి. పొద్దున 8:30కి చూసిన లెక్క ఏ తేదీ కింద రాశావో కూడా చెప్పాలి. వాళ్ళ పద్ధతిలో ఇవాళ్టి తేదీ కింద ఉండేది నిన్న పొద్దున 8:30 నుంచి ఇవాళ 8:30 దాకా పడిన వాన. ఈ ఒక్క తేడాతో ఒక రోజు వాన ఇంకో రోజుకి ఎక్కేస్తుంది. ఊరెళ్ళిన రోజుల్లో సున్నా పెట్టకు, గడి ఖాళీగా వదిలెయ్. సున్నా అంటే వాన పడలేదని, ఖాళీ అంటే చూడలేదని. దీన్ని పట్టించుకోని పట్టికల్ని పెద్ద పెద్ద ఆఫీసుల్లోనే చూశాను, పేర్లెందుకులే.

మి.మీ. అయితే మి.మీ., సెం.మీ. అయితే సెం.మీ., మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉండాలి. కంప్యూటర్ అంచనాలు చూపించే రంగురంగుల మోడల్ మ్యాపులు ఒక్కటీ పెట్టకు. అవి అందరి ఫోన్లలోనూ ఉన్నాయి.

ఇంకో మాట, కాస్త కష్టంగా ఉంటుంది, విను. బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే నీ మొహం వెలిగిపోతుంది. ఆకాశం మీద ఇష్టం ఉన్నవాళ్ళందరికీ అది మామూలే. కానీ ఆ హాల్లో అవనిగడ్డ వైపు నుంచి వచ్చినవాళ్ళుంటారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చి పదివేల మందికి పైగా పోయారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వరి చేలు నీట మునిగినవాళ్ళూ ఉంటారు. "సూపర్ సిస్టమ్", "అదిరిపోయే వాన" లాంటి మాటలు నోట రానివ్వకు.

బుడమేరు వాగు వరద మీద ఎవరో ఒకరు తప్పకుండా మాట్లాడతారు. ఆ సెషన్ మాత్రం వదలకు. 2024 సెప్టెంబరు 1న బెజవాడలో సింగ్‌నగర్, పాయకాపురం మునిగింది కృష్ణ పొంగి అనే చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. కృష్ణ కథ వేరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర అప్పుడు 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, 2009 అక్టోబరు వరదని కూడా దాటింది. సింగ్‌నగర్‌ని ముంచినవి మైలవరం, జి.కొండూరు వైపు నుంచి దిగిన బుడమేరు నీళ్ళు. మళ్ళింపు కాలవకి గండ్లు పడ్డాయి. ఆ కాలవ కలవాల్సింది కృష్ణలోనే, కృష్ణ నిండుగా ఉంటే దాని నీళ్ళు ఎక్కడికి పోతాయి? వాతావరణ కేంద్రం ఉన్న గన్నవరంలో ఎంత వాన పడిందో చూస్తే ఇదేమీ తెలియదు. పైన కొండల్లో ఎవరు కొలిచారు, ఎన్నింటికి కొలిచారు అన్నదే అసలు సంగతి. నువ్వు ఒక్క ప్రశ్న అడగదలిస్తే ఇది అడుగు: మళ్ళింపు కాలవ మొదలయ్యే వెలగలేరు దగ్గర నీళ్ళు పెరిగిన ఎన్ని గంటలకి సింగ్‌నగర్‌లో వీధుల్లోకొచ్చాయి? ఆ గంటలు తెలిస్తే ఎంత ముందు చెప్పగలరో తెలుస్తుంది. ఇరిగేషన్ ఇంజినీరు ఉంటే టీ విరామంలో పక్కన కూర్చుని అడుగు, మైకులో అడిగితే ఆఫీసు జవాబు వస్తుంది.

మైకు అంటే గుర్తొచ్చింది. వాతావరణ శాఖ అధికారి లేవగానే "ఫలానా రోజు మీ అంచనా ఎందుకు తప్పింది?" అని ఎవడో ఒకడు లేస్తాడు, హాలు చప్పట్లు కొడుతుంది. ఆ వరసలో నువ్వు నిలబడకు. రాత్రి రెండింటికి మచిలీపట్నం రాడార్ బొమ్మ చూస్తూ హెచ్చరిక ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవాల్సినవాడు ఆయన. ఏది చూసి తేల్చుకుంటారో అడుగు, గంటసేపు చెబుతాడు.

లాం నుంచి వ్యవసాయ శాస్త్రవేత్తలు వస్తే మిర్చి గురించి కదిలించు. ఇందులో నాకు మొదటి నుంచీ ఒక అభిప్రాయం ఉంది. శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. పడితేనే భారీ వర్షం. 15.5 దాకా తేలికపాటి వానే. మార్చిలో కల్లంలో కాయ ఆరబోసుకున్న రైతుకి ఆ తేలికపాటి వానే చాలు కొంప ముంచడానికి. కాయ తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది, యార్డులో ధర పడిపోతుంది. పట్టాలు కప్పుకోవడానికి అతనికి రెండు మూడు గంటల ముందు కబురు కావాలి, రంగుల హెచ్చరిక ఎల్లో అయినా ఆరెంజ్ అయినా అతనికి ఒకటే. వాన కొలత మన దగ్గరుంటుంది, నష్టం కొలత పంట దగ్గరుంటుంది. ఈ రెండూ ఒకే బల్ల మీదికి తెచ్చేవాళ్ళు తక్కువ. నీ పుస్తకంలో ఫిబ్రవరి నుంచి మే దాకా పడిన చిన్న వానలు విడిగా తీసి, అవి ఏ వేళ మొదలయ్యాయో రాసి ఉంటే ఒక స్లయిడ్ అదే పెట్టు. నా మాట విను, నీ పది నిమిషాల్లో జనానికి గుర్తుండేది అదే.

ఎండల మీద మాట్లాడేవాళ్ళుంటారు. రెంటచింతల ఎండకీ బెజవాడ ఉక్కపోతకీ తేడా నీకు తెలిసిందే, అందులో నువ్వు వేలు పెట్టకు.

తెలుగులోనే మాట్లాడు. రుతుపవనాలు, అల్పపీడనం, ద్రోణి, ఇవన్నీ పేపర్లలో రోజూ చదివే మాటలే. రోహిణి కార్తె, మృగశిర అంటూ మొదలుపెట్టినా ఎవరూ నవ్వరు, పక్కన తేదీలు చెప్పు చాలు. పోస్టరు కూడా పెడుతున్నానన్నావు. అక్షరాలు నాలుగడుగుల దూరం నుంచి నాలాంటివాడికి కనపడాలి.

గుంటూరు నుంచి గంటన్నర ముందు బయల్దేరితే సరిపోతుందనుకోకు, వారధి మీదా బెంజి సర్కిల్లోనూ పొద్దున పూట ఎంతసేపు ఆగుతావో చెప్పలేం. ముందు రోజు రాత్రే వెళ్ళి మీ పిన్ని వాళ్ళింట్లో పడుకో. హాల్లో ఏసీ గట్టిగా వేస్తారు, చున్నీ మందంగా ఉన్నది తీసుకెళ్ళు.

ఆ రెండు రోజులూ 8:30కి గేజ్ ఎవరు చూస్తారు? మీ అమ్మకి కొలజాడీ ఎలా పట్టుకోవాలో, నీటి అంచు ఎక్కడ చదవాలో ఇవాళే చూపించు. తనకి కుదరదంటే నేనొస్తాను, డాబా తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్ళు.

ఇట్లు,
పెదనాన్న