బొమ్మలు బాగా గీస్తాను, డిజైన్‌లో కెరీర్ ఉంటుందా?

చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ప్రాణం, దాన్నే డిజైన్ ఉద్యోగంగా మార్చుకోవచ్చా, ఏ కోర్సు చేయాలి అని అడిగారు. మార్చుకోవచ్చు. కోర్సు సంగతి మాత్రం నన్ను అడక్కండి, చాలా కోర్సుల్లో నేర్పేది ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో, అంతే, అది వీడియోలు చూసి ఎవరైనా పట్టేస్తారు. నేను చెప్పాలనుకుంటున్నది వేరే. బొమ్మలు బాగా గీసేవాళ్లు ఇంటర్వ్యూకి వస్తూ, తేవాల్సిన బొమ్మల్ని ఇంట్లో వదిలేసి వస్తారు.

నేనూ గీతల పిచ్చితోనే ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు మా టీమ్‌లోకి కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు పోర్ట్‌ఫోలియోలు, అంటే ఎవరి బొమ్మలు వాళ్లు కూర్చి తెచ్చే పుస్తకాలు, చూసే పని నాదే. ఎక్కువమంది తెచ్చేది పెన్సిల్ పోర్ట్రెయిట్లు. సినిమా హీరో, క్రికెటర్, చెంప మీద జారుతున్న కన్నీటి చుక్క, అన్నీ ఫోటో చూసి ఫోటోలాగే గీసినవి. ఆ ఓపికకు దండం పెట్టాలి, వెటకారం కాదు. కానీ దాన్ని చూస్తే మీ చెయ్యి ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది తప్ప మీ బుర్ర ఎలా నడుస్తుందో తెలియదు. నాకు కావాల్సింది రెండోది.

ఓసారి ఒకమ్మాయి వచ్చింది. అవే పోర్ట్రెయిట్లు, చాలా బాగా వేసింది కూడా. చూసి మూసేయబోతుంటే పుస్తకం వెనక అట్ట దగ్గర నలిగిపోయిన కాగితాలు కనిపించాయి. "అవి వద్దండీ, ఏవో పిచ్చి గీతలు" అని చెయ్యి అడ్డం పెట్టేసింది. బతిమాలి తీసుకుని చూస్తే, వాళ్ల అమ్మమ్మ మందుల కవర్ల మీద అంటించడానికి వేసిన గుర్తులవి. ఆవిడకు చదవడం రాదట. పొద్దుటి మాత్రకు సగం పైకొచ్చిన సూర్యుడు, మధ్యాహ్నం మాత్రకు నిండు సూర్యుడు, రాత్రి మాత్రకు చందమామ. బాగానే ఉందిగా అనుకుంటాం. పక్క పేజీలో ఆ సగం సూర్యుణ్ణి అడ్డంగా కొట్టేసి ఉంది. ఎందుకమ్మా అంటే, అమ్మమ్మ దాన్ని చూసి పొద్దుగూకుతోంది అనుకుని పొద్దుటి మాత్ర సాయంత్రం వేసుకోబోయిందట! నిజమే మరి, కాగితం మీద ఉదయించే సూర్యుడికీ అస్తమించే సూర్యుడికీ తేడా ఏముంది? తర్వాత పక్కన పైకి చూపించే బాణం పెట్టింది, ఆవిడ దాన్ని పట్టించుకోనేలేదు. కోడిపుంజు వేస్తే "ఇది కోడికి వేసే మందా?" అని అడిగిందట. చివరికి పళ్లు తోముకునే బ్రష్షు వేస్తే పనయింది. ఆ బ్రష్షు చూడాలి మీరు, ఒక పొడుగు గీత, ఒక కొసన నాలుగు పొట్టి గీతలు, అంతే. ముందు పేజీల్లో కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటిగా గీసిన చెయ్యే ఇదీ వేసింది. ఉద్యోగం ఇప్పించింది మాత్రం ఈ బ్రష్షే.

"నాకు పెన్సిలే వచ్చు, కంప్యూటర్ రాదు" అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. 1984లో వచ్చిన యాపిల్ వాళ్ల మొదటి మ్యాకింటాష్ కంప్యూటర్‌కు ఐకాన్లు (తెర మీది చిన్న గుర్తులు) గీసిన సూసన్ కేర్ ఫైన్ ఆర్ట్స్‌లో పీహెచ్‌డీ చేసి, శిల్పాలు చేసుకుంటున్న మనిషి. కంప్యూటర్ గ్రాఫిక్స్ అనుభవమే లేదు. ఆవిడ మొదలుపెట్టింది గళ్ల కాగితంతో. అడ్డం 32 గళ్లు, నిలువు 32 గళ్లు, నింపితే నలుపు, వదిలేస్తే తెలుపు, మధ్యలో బూడిద రంగు కూడా లేదు. అందులోనే చెత్తబుట్ట, నవ్వుతున్న కంప్యూటర్, బాంబు. షేడింగ్ ఎంత గొప్పగా వస్తే మాత్రం అక్కడ ఏం చేసుకుంటారు?

ఈ దారిలోకి వచ్చాక ఒక బాధ తప్పదు, ముందే చెబుతున్నా. "నువ్వు బొమ్మలు గీస్తావుగా, మా షాపుకో లోగో వేసిపెట్టు, ఐదు నిమిషాల పనేగా" అనే బంధువులు ఎక్కడెక్కడి నుంచో పుట్టుకొస్తారు. బూట్ల కంపెనీ నైకీ గుర్తును 1971లో కరోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని గీస్తే ఆమెకు ఇచ్చింది 35 డాలర్లు. తర్వాత 1983లో కంపెనీ పిలిచి షేర్లు ఇచ్చిందనుకోండి, మీ బంధువులు మాత్రం ఇవ్వరు. మొహమాటపడకుండా డబ్బులు అడగండి.

ఇంకో గోడు కూడా వెళ్లబోసుకోనివ్వండి. యాప్‌లలో ఇంగ్లిష్ అక్షరాల ఎత్తు కొలిచి బటన్ గీస్తారు, ఆఖర్న అందులో తెలుగు తెచ్చి కుక్కుతారు. పైన గుడిదీర్ఘం తెగుతుంది, కింద వత్తు తెగుతుంది, "స్త్రీ" అని రాస్తే మిగిలేది మొండెమే. ఏళ్ల తరబడి ఇదే తంతు, ఎవరికీ పట్టదు. అక్షరాన్ని కూడా బొమ్మలా చూసే అలవాటున్నవాళ్లకు ఇది చటుక్కున కంటికి ఆనుతుంది, అలాంటి కళ్లున్నవాళ్లు మా పనిలో చాలా తక్కువ. మీకు అక్షరాలు గీయడం ఇష్టమైతే ఫాంట్ల వైపు వెళ్లండి, రోజంతా నిజంగా గీస్తూ కూర్చునే కొద్ది పనుల్లో అదొకటి. పుస్తకాల బొమ్మలు, యానిమేషన్ స్టోరీబోర్డులు (సీన్లను ముందే వరసగా గీసి చూపే బొమ్మలు) కూడా అంతే. యాప్‌ల డిజైన్‌కు వస్తే మాత్రం గీయడం కన్నా మీటింగులే ఎక్కువ, తర్వాత నన్ను అనుకుని లాభం లేదు.

పోర్ట్‌ఫోలియోలో పోర్ట్రెయిట్లు రెండు చాలు. మిగతా పేజీలన్నీ మీరు వేసి, కుదరక అడ్డంగా కొట్టేసిన బొమ్మలకు ఇవ్వండి, ఎందుకు కొట్టేశారో పక్కన ఒక ముక్క రాయండి. అలాంటివి లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు రోజూ తికమకపడే వస్తువు దేన్నైనా పట్టుకుని మొదలుపెట్టండి, రిమోటో, స్విచ్‌బోర్డో. ఏ స్విచ్ ఏ లైటుదో ఇంట్లోవాళ్లకే తెలియకుండా బోర్డులు బిగించేవాళ్ల గురించి ఇంకో పెద్ద జవాబు రాయాల్సి ఉంది, ఎవరైనా ప్రశ్న అడగండి.