అర్జీ రాయడం గురించి మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

కల్వర్టు కోసం మూడోసారి అర్జీ ఇచ్చావనీ, వారం తిరక్కముందే "మీ సమస్య పరిష్కరించబడింది" అని ఫోనుకు సందేశం వచ్చిందనీ రాశావు. పిల్లలేమో ఇప్పటికీ మోకాటి లోతు నీళ్లలో వాగు దాటి బడికి వెళ్తున్నారు. ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ పని చేసినవాణ్ణి నేనే. అర్జీ మీద "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అని రాసి కింది కార్యాలయానికి తోసేస్తే, మా లెక్కలో అది పరిష్కారమైనట్టే. సమీక్ష నాటికి పెండింగు సున్నా కనబడాలి. కల్వర్టు లేచిందా లేదా అని నన్ను ఎవరూ అడగలేదు.

నీ అర్జీ నకలు చూశాను. కల్వర్టు, వీధి దీపాలు, పక్కింటి అవ్వ పింఛను, ప్రభుత్వం మీద నీ కోపం, అన్నీ మూడు పేజీల్లో కుక్కావు. ఇలాంటిది దొరికితే గుమాస్తాకు పండగే. ఒక్క దీపం వెలిగించి మొత్తం మూసేయవచ్చు. ఒక కాగితంలో ఒకే సంగతి రాయి. ఏ వాగు, ఏ దారి, ఏ తేదీన కొట్టుకుపోయింది, ఎంతమంది పిల్లలు దాటుతున్నారు, ఒక ఫొటో. కోపం ఇంట్లో పెట్టి వెళ్లు. తపాలా విభాగంలో నంబరు, తేదీ, ముద్ర పడేదాకా కదలకు. "రేపు రండమ్మా" అంటారు, అయినా కదలకు.

ఇప్పుడు నీ చేతిలో పాత నంబరు ఉంది కదా, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. "ఎందుకు కట్టలేదు" అని మాత్రం అడగకు. రికార్డులో ఉన్నదే ఇస్తాం, కారణాలు చెప్పం అని తిప్పి పంపుతారు. ఆ అర్జీ ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లింది, ఎన్నాళ్లు ఉంది, పరిష్కారమైనట్టు సంతకం చేసింది ఎవరు, ఆ నోటు ఫైలు, అంటే అర్జీ మీద అధికారులు రాసిన రాతల కాగితాలు, నకలు కావాలి అని అడుగు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే పై అధికారికి అప్పీలు, ఆపైన సమాచార కమిషనుకు. జాప్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా ఉంది. అది పడినవాళ్లను లెక్కపెట్టడానికి నాకు ఒక చేతి వేళ్లు చాలు. అయినా అలాంటి దరఖాస్తు వచ్చిన రోజు మా సూపరింటెండెంటు ఫైలు తానే వెతికేవాడు.

కాగితానికీ ఒక హద్దు ఉందమ్మా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలుపెట్టి ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు, వేలంపాటలు సాగనివ్వలేదు. సారా ఖజానాకు పెద్ద రాబడి, నొప్పి అక్కడ తగిలింది. మరుసటి ఏడాది అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. నీ కల్వర్టు వల్ల ఖజానాకు పైసా రాదు కాబట్టి వాళ్లకు నొప్పి పుట్టే చోటు వేరే వెతకాలి. నాకు తెలిసింది ఆ పెండింగు లెక్కే.

అందుకని ఈ సోమవారం ఒంటరిగా వెళ్లకు. ఆ పిల్లల తల్లులను వెంటబెట్టుకుని వెళ్లు. పదిమంది కలిసి ఒకే అర్జీ ఇస్తే మాకు అది ఒకటే. విడివిడిగా ఇస్తే పది నంబర్లు. ఎవరి రసీదు వాళ్ల దగ్గరే ఉంచమను. నకళ్లు నాకు పంపితే దరఖాస్తు చిత్తుప్రతి నేను రాస్తాను. నా చేతిరాత ఎవరికీ అర్థం కాదని మీ అత్తయ్య అంటోంది కాబట్టి తనే ఎత్తిరాస్తుంది.

ఇట్లు,
మామయ్య