తీతువు కూసినా గట్టు మీదకి వెళ్లొచ్చు

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. అంబాజీపేట దగ్గర పల్లె మాది. మావారు పోయి ఏడాది దాటింది, మొన్ననే సంవత్సరీకాలు పెట్టాం. ఆయన పోయిన రాత్రి ఇంటి వెనక చేలో తీతువు పిట్ట ఆగకుండా కూసింది. ‘అప్పుడే అనుకున్నాం’ అన్నారు ఊళ్లో. ఇప్పుడు దాళ్వా కోతలయ్యాక అదే చేలో తీతువు గుడ్లు పెట్టింది. రోజూ తెల్లవారకముందే లేచి కాలువగట్టు మీద నుంచి దాన్ని చూస్తూ కూర్చుంటున్నాను. సంక్రాంతి బరిలో ఓడిన డేగ పుంజును మా మరిది కొడుకు కూరకని తెస్తే కోయనివ్వలేదు. కుంటుకుంటూ నా వెనకే తిరుగుతుంది. వట్టిపోయిన గేదెను కూడా అమ్మలేదు. వీటితో మాట్లాడుతున్నానని ఎవరో చెబితే విని, హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి నాకు డిప్రెషన్ అంటున్నాడు. అన్నీ అమ్మేసి వచ్చెయ్యమంటున్నాడు. రాత్రిళ్లు ఇంకా ఏడుపొస్తుంది. పొద్దున మాత్రం సంతోషంగా ఉంటోంది. అది తప్పేమోనని భయం.

జవాబు:

అమ్మా, తప్పు కాదు. ముందు ఈ మాట చెప్పి, తర్వాత తక్కినవి మాట్లాడతాను.

తీతువు చెట్టు మీద గూడు కట్టదు. చేలో గడ్డలూ రాళ్లూ ఉన్న చోట చిన్న గుంట చేసుకుని, మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. మట్టి రంగులో మచ్చలతో ఉండే ఆ గుడ్లు పక్కనే నిలబడ్డా కనపడవు. కప్పు లేదు, చాటు లేదు. అందుకే కుక్క వచ్చినా మనిషి వచ్చినా, పగలైనా రాత్రైనా పైకి లేచి అరుస్తుంది. ఒక్కోసారి రెక్క విరిగినట్టు ఈడుస్తూ శత్రువును గూటికి దూరంగా తీసుకుపోతుంది. మీ ఇంట్లో ఆ రాత్రి దీపాలు వెలిగి ఉంటాయి, జనం చేలకు అడ్డంపడి పరుగెత్తి ఉంటారు. అది వాళ్లను చూసి బెదిరి అరిచి ఉంటుంది. చావును పిలవడానికి దాని దగ్గర ఏమీ లేదమ్మా.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది రాస్తుంటే నాకు మా మేనత్త గుర్తొస్తోంది. ముప్ఫై ఏళ్లకే భర్త పోయాడు. పొద్దున్నే ఎవరైనా పని మీద బయల్దేరుతుంటే ఆవిడను వంటింట్లోకి వెళ్లమనేవారు, ఎదురు రాకూడదని. తీతువుకు అంటగట్టిన మాటనే మా మేనత్తకూ అంటగట్టారు. మీకూ ఏ సందర్భంలోనో ఆ చూపు తగిలే ఉంటుంది. మీరు తెల్లవారకముందే వెళ్లేది పిట్ట కోసమేనా, దారిలో ఎవరికీ ఎదురు పడకూడదనా? రెండోది కొంచెమైనా ఉంటే, వెలుతురు వచ్చాకే వెళ్లండి. నలుగురూ తిరిగే వేళకే వెళ్లండి. ఎవరేమన్నా ఆ గట్టు ఊరందరిదీ, మీదీ.

ఇక డిప్రెషన్ సంగతి. వారాల తరబడి దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా తిండీ చెడిపోవడం, బతికి ఏం లాభం అనిపించడం, ఇవీ డాక్టర్లు అడిగేవి. మీరు ఒక పిట్ట ఎన్నిసార్లు లేచిందో, ఆడా మగా గుడ్ల మీద ఎలా వంతు మార్చుకున్నాయో, ఎండ ముదిరినప్పుడు పొట్ట తడుపుకుని వచ్చి ఎలా పొదిగిందో నాలుగు పేజీల ఉత్తరంలో రాశారు. దుఃఖం ఉన్న మనసే అంత శ్రద్ధగా చూడగలదు. రాత్రి ఏడుపూ పొద్దుటి సంతోషమూ ఒకే ఇంట్లో ఉండొచ్చు, ఒకటి వచ్చిందని రెండోదాన్ని వెళ్లగొట్టక్కర్లేదు. అయితే రాత్రిళ్లు బరువెక్కుతూ పోయి, అన్నం సయించకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ పని పిట్టలు చెయ్యలేవు.

పుంజు విషయంలో మీరు చేసింది నాకు చాలా నచ్చింది. మన జిల్లాల్లో ఓడిన పుంజు మాంసానికి ఎంత గిరాకీ ఉంటుందో మీకు తెలుసు. ఆ గిరాకీకి ఎదురు నిలబడి ‘దీన్ని కోయొద్దు’ అనడం తేలిక కాదు. కాలికి కత్తి కట్టించుకుని బరిలోకి దిగిన జీవి, ఇప్పుడు మీ చీర కుచ్చిళ్ల దగ్గర నూకలు ఏరుకుంటోంది. కోళ్లు మనుషుల్ని గుర్తుపడతాయి. తిండి పెట్టే చేతినీ, అదిలించే చేతినీ వేరు చేస్తాయి. దాంతో మాట్లాడటం పిచ్చి అనుకుంటే, పాలు పితికేటప్పుడు గేదెతో మాట్లాడని ఇల్లాలు ఈ డెల్టాలో ఎక్కడుంది? మీ గేదె మెడ కింద నిమిరి చూడండి, ఇంకాస్త నిమరమని తల చాస్తుంది. దాని మీద పసులపోలిగాడు వాలి పురుగుల కోసం కాచుకోవడం, కొంగలు కాళ్ల దగ్గర తిరగడం మీరు రాశారు. జూన్‌లో కాలువ వదిలాక దమ్ము మొదలైతే చూడండి, ట్రాక్టరు వెనక తెల్లకొంగలు ఎన్ని వాలతాయో.

మీ అబ్బాయి మాటకు మాత్రం కోపం తెచ్చుకోకండి. వాడికీ నాన్న పోయాడు. చీకట్లో గట్టు మీద మీరొక్కరే, పాములు తిరిగే చోటు. హైదరాబాదులో కూర్చుని వాడికి టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? వాడికి మీరు ఎందుకు సంతోషంగా ఉన్నారో తెలియదు, పుంజుతో మాట్లాడుతున్నారని మాత్రం తెలుసు. ‘మందులు వేసుకున్నావా’ అని రాత్రి ఫోన్ చేసినప్పుడు, వేసుకున్నానని చెప్పి ఆ రోజు తీతువు చేసిన ఒక్క పని చెప్పండి. వాదించొద్దు, చెప్పండి అంతే. ఈసారి వాడు వచ్చినప్పుడు గట్టు మీదకి తోడు రమ్మనండి.

వాడు అడగబోయే ప్రశ్నలకు మీ దగ్గర జవాబుండాలి. మీకు జ్వరమొస్తే గేదెకు గడ్డి వేసేదెవరు? వాడి దగ్గర పది రోజులు ఉండి రావాలంటే పుంజును చూసేదెవరు? మరిది కొడుకునే అడగండి, నెలకు ఇంత అని ఇవ్వండి. గడ్డికీ తవుడుకీ అయ్యే ఖర్చు రాసి పెట్టండి. పశువుకు జబ్బు చేస్తే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యం వాహనం వస్తుంది. 2025 ఫిబ్రవరిలో మన వైపు కోళ్లకు బర్డ్ ఫ్లూ వచ్చింది, వాడు ఆ భయం కూడా ఎత్తుతాడు. పుంజును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, చచ్చిన పక్షి కనిపిస్తే ముట్టుకోకుండా పశువుల డాక్టర్‌కు చెప్పండి.

ఒక్క జాగ్రత్త. గుడ్ల దగ్గరికి వెళ్లొద్దు, మీరు ఉన్న గట్టు దూరమే మంచిది. మనిషి వెళ్లే చోటును కాకులు కనిపెడతాయి. దుక్కికి ట్రాక్టరు దిగేలోపు కౌలు రైతుతో మాట్లాడి ఆ నాలుగు అడుగులు వదిలెయ్యమనండి, గుర్తుకు రెండు కొబ్బరి మట్టలు కాస్త దూరంగా పాతండి. నెల రోజులకు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. రాగానే నడిచి వెళ్లిపోతాయి, కాబట్టి ఆ వారం అబ్బాయిని రమ్మంటే ఇద్దరూ చూడొచ్చు. ఎన్ని పిల్లలొచ్చాయో నాకు రాయండి.