ఆకు రాలిన ఎర్రచందనం మొక్కలను పీకేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఎర్రగరప నేలలో గత ఆగస్టులో ఎర్రచందనం మొక్కలు నాటాం. ఫిబ్రవరి నుంచి ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. రోజూ చెంబెడు నీళ్లు పోస్తున్నా చాలా మొక్కలు మోడుల్లా నిలబడ్డాయి. పీకేసి కొత్తవి నాటమంటారా?

– ఒక రైతు

జవాబు: అప్పుడే పీకకండి. శేషాచలం, వెలిగొండ కొండల్లో పెరిగే ఎర్రచందనం ఎండాకాలం ముందు ఆకు రాల్చడం మామూలే. నీరు తగ్గినప్పుడు మొక్క మొదట ఆకుల్లోని సన్నటి రంధ్రాలను మూసుకుంటుంది. అదీ చాలకపోతే ఆకులనే వదిలేస్తుంది. అడవిలో మొలిచిన పిల్లమొక్కలైతే కాండం నేల వరకూ ఎండిపోయినా, వేరు బతికుండి వానలకు మళ్లీ చిగురిస్తాయి.

బతికుందో లేదో ఇలా చూడండి. మొదలు దగ్గర బెరడును గోటితో కొద్దిగా గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. పైన గోధుమరంగు కనిపిస్తే ఇంకాస్త కిందికి గీకి చూడండి. పసుపెక్కి రాలిన ఆకులతో టెన్షన్ అక్కర్లేదు. ఆకులు ఎండి కొమ్మకే వేలాడుతుంటే మాత్రం మొక్క ఉన్నట్టుండి దెబ్బతిన్నదని అర్థం. అలాంటి వాటినే ముందు పరీక్షించండి.

రోజూ చెంబెడు నీళ్లు మానేయండి. పై మట్టి మాత్రమే తడుస్తుంటే వేర్లు పైపైనే తిరుగుతాయి. అదే నీటిని కూడబెట్టి, పది పన్నెండు రోజులకోసారి పాదు నిండా పోస్తే తడి లోతుకు దిగుతుంది, వేరు దాని వెంట పోతుంది. అలాగని నీరు నిలవనివ్వొద్దు, ఈ చెట్టుకు అది అసలు పడదు. పాదులో గడ్డి తీసేసి వేరుశనగ పొట్టు పరవండి. కాండానికి తగలకుండా జానెడు దూరం వదలండి, లేకపోతే చెదలు పడతాయి. చిగురు కోసమని ఇప్పుడు యూరియా వేయొద్దు.

చచ్చిపోయిన వాటి చోట మాత్రం తొలకరికే తొందరపడి నాటకండి. మీ జిల్లాలో వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరులో. ఆగస్టులో మంచి పదును చూసి నాటండి. నర్సరీలో నీడన ఏపుగా, ముదురాకుపచ్చగా పెరిగిన మొక్క చూడ్డానికి బాగుంటుంది గానీ, ఎండకు ముందు వాడేది అదే. దానికన్నా పొట్టిగా, కాండం గట్టిగా ఉండి, కొన్ని వారాలు ఎండలో నీళ్లు తగ్గించి పెంచిన మొక్కే మేలు. కవరు చింపాక అడుగున చుట్టుకున్న వేర్లు కనిపిస్తే పదునైన బ్లేడుతో ఆ చుట్టును కోసేసి నాటండి. వేర్లు అలాగే చుట్టుకుని ఉంటే మొక్క ఒకటి రెండేళ్లు బాగానే కనిపించి, గట్టి బెట్ట వచ్చినప్పుడు చేతికి ఊడొస్తుంది.