తమ్ముణ్ణి రెండు రోజులైనా కోర్టులో హాజరుపరచకపోతే

గుంటూరులో మీ తమ్ముణ్ణి పోలీసులు మొన్న సాయంత్రం తీసుకెళ్లి, ఇంతవరకు ఆచూకీ చెప్పలేదన్నారు. ఇక స్టేషను చుట్టూ తిరగకండి. ముందస్తు నిర్బంధ ఉత్తర్వు (నేరం జరగకుండా ముందుగానే అదుపులోకి తీసుకునే ఆదేశం) ఉంటే తప్ప, అరెస్టయిన మనిషిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం శాసిస్తోంది. ఆ గడువు దాటిపోయింది! 226వ అధికరణం కింద నేలపాడులోని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయించండి. మనిషిని తమ ముందుకు తీసుకురమ్మని న్యాయమూర్తులు ఆదేశించగలరు. తమ్ముడి సంతకం అక్కర్లేదు, మీరే వేయవచ్చు.

లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేయండి. తీసుకెళ్లిన సమయం, చూసినవాళ్ల పేర్లు, వాహనం నంబరు ఇప్పుడే రాసిపెట్టండి. పిటిషన్‌కు బలం అక్కడే. మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టినప్పుడు ఒంటిమీద దెబ్బలుంటే దాచవద్దని తమ్ముడికి లాయరు ద్వారా తప్పక చెప్పించండి.